మూత్రంలో షుగరు, రక్తంలో లేదు: 12 ఏళ్ళ టెనోఫోవిర్ తర్వాత ఒక కేసు

2023 నవంబరులో ఒక సోమవారం ఓపీ. తలుపు దగ్గర్నుంచి నా టేబుల్ దాకా పది అడుగులు ఉంటుంది. ఆ పది అడుగులు ఆమె వేసిన తీరు చూసి చేతిలో ఉన్న కార్డు పక్కన పెట్టేశాను. కుడికాలు వేస్తే ఒళ్ళంతా కుడికి, ఎడమకాలు వేస్తే ఎడమకి ఒరుగుతోంది. బాతు నడక అంటాం. కుర్చీలో కూర్చోవడానికి రెండు చేతులూ టేబుల్ మీద ఆనించింది.

ఆమె హెచ్‌ఐవీకి ఉచితంగా మందులిచ్చే మా ఏఆర్‌టీ సెంటర్‌కి 15 ఏళ్ళుగా వస్తోంది. ఒక్క నెల కూడా మందు తప్పలేదు. వైరల్ లోడ్ చేసిన ప్రతిసారీ వైరస్ దొరకలేదనే రిపోర్టు. ఇలాంటివాళ్ళని రిజిస్టరులో 'స్టేబుల్' అని రాసుకుంటాం. స్టేబుల్ పేషెంటుకి మేము ఇచ్చే టైము రెండు నిమిషాలు. బరువు చూస్తాం, డబ్బాలో మిగిలిన బిళ్ళలు లెక్కపెడతాం, "బాధలేమైనా ఉన్నాయా" అని అడుగుతాం, మళ్ళీ మూడు నెలల మందు ఇచ్చి పంపుతాం. క్యూ చూస్తే అంతకంటే కుదరదని నాకు నేను చెప్పుకునేవాణ్ణి. ఈ కేసు రాయాలనిపించింది ఆ రెండు నిమిషాల గురించే.

పేరు, ఊరు చెప్పను. 2017 హెచ్‌ఐవీ చట్టం ప్రకారం రోగి అనుమతి లేకుండా ఆమె స్థితి బయటపెట్టకూడదు. రాయడానికి ఆమె ఒప్పుకుంది, అయినా గుర్తుపట్టే వివరాలు కొన్ని మార్చాను. కోస్తాలో పొలం పనులకి వెళ్ళే మనిషి. వయసు 44, బరువు 41 కిలోలు. ఈ 41 కిలోలు గుర్తుంచుకోండి, కథంతా దానిచుట్టూనే తిరుగుతుంది.

"ఏమ్మా, నడక అలా ఉందేంటి?"

"ఏం లేదండి, వాతం నొప్పులండి."

"ఎప్పట్నుంచి?"

"పోయినేడు నాట్లప్పట్నుంచండి."

అంటే దాదాపు 16 నెలలు. ఆ 16 నెలల్లో ఆమె ఐదుసార్లు మా దగ్గరికొచ్చి మందు తీసుకెళ్ళింది. ఐదుసార్లూ కార్డులో "కంప్లైంట్స్: నిల్" అని ఉంది. అందులో రెండుసార్లు రాసిన చేతిరాత నాదే.

మొదట తొడల్లో, తుంటి దగ్గర లాగినట్టు నొప్పి. తర్వాత పక్కటెముకలు. నాట్లు వేస్తూ వంగితే లేవడానికి పక్కమనిషి చెయ్యి పట్టుకోవాల్సి వచ్చేదట. తర్వాత గొంతుక్కూర్చుంటే లేవలేకపోయింది. ఈ ఏడాది పనికి వెళ్ళడమే మానేసింది. ఊళ్ళో ఆర్‌ఎంపీ దగ్గర వారానికో సూది వేయించుకుంది.

ఏమేం మందులు వాడుతున్నావమ్మా అని అడిగితే సంచిలోంచి పాలిథిన్ కవరు తీసి టేబుల్ మీద బోర్లించింది. సగం వాడిన డైక్లోఫెనాక్ షీటు, కాల్షియం బిళ్ళలు, గ్యాస్ బిళ్ళలు, మేమిచ్చే హెచ్‌ఐవీ బిళ్ళ టీఎల్‌డీ డబ్బా. వాటి కింద షుగరు మందు మెట్‌ఫార్మిన్ 500.

"ఇదెందుకు? నీకు షుగరుందా?"

"రెండు నెలల కిందట మా ఊళ్ళో కేంపు పెట్టారండి. ఉచ్చ పరీక్ష చేసి షుగరు మూడు ప్లస్సులుందన్నారండి. ఆర్‌ఎంపీగారు ఇది వేసుకోమన్నారండి, రోజూ రెండు."

రక్తం చూశారా అంటే లేదంది. ఆ రోజు పొద్దున ఆమె ఇంకా ఏమీ తినలేదు. అక్కడే గ్లూకోమీటరుతో చూస్తే 94. షుగరు మందు వాడుతోంది కాబట్టి ఆ 94ని వెంటనే నమ్మలేం. అందుకే మూడు నెలల సగటు చెప్పే హెచ్‌బీఏ1సీ కూడా పంపాను. 5.3 వచ్చింది. ఆ పాటి మందు వేసుకుంటే అంత మామూలుగా దిగే జబ్బు కాదు, మూడు ప్లస్సుల షుగరు.

మూత్రం పట్టి తెమ్మని, సిస్టర్‌ని స్ట్రిప్పు అడిగాను. ప్లాస్టిక్ పట్టీ మీద వరసగా చిన్నచిన్న రంగు గడులుంటాయి. గ్లూకోజు గడి మొదట లేత నీలంగా ఉంటుంది. ముంచి తీసి, అంచుకి ఆనించి చుక్క రాల్చి, గడియారం చూసుకుంటూ నిలబడ్డాం. పది సెకన్లకి పచ్చబడింది. అరనిమిషం తిరిగేసరికి ముదురు గోధుమరంగు. ప్రోటీన్ గడి కూడా ఆకుపచ్చకి తిరిగింది, రెండు ప్లస్సులు. పక్కనే గ్లూకోమీటరు తెర మీద 94 ఇంకా కనిపిస్తూనే ఉంది. పాఠ్యపుస్తకంలో చదివిన వాక్యం అలా రెండు వస్తువులుగా పక్కపక్కన కనిపించడం నాకు అదే మొదటిసారి.

పాత కార్డు

జబ్బు పేరు చెప్పేముందు ఆమె కార్డు చెప్పాలి. మన దేశంలో ఉచిత ఏఆర్‌టీ 2004 ఏప్రిల్ 1న మొదలైంది. అప్పట్నుంచి కార్యక్రమంలో మారుతూ వచ్చిన మందులన్నీ దాదాపు ఈ ఒక్క శరీరం మీదుగానే నడిచాయి.

2007లో భర్త టీబీతో పోయాడు. 2008లో ఆమెకి పరీక్ష చేస్తే పాజిటివ్, ఒంటి రక్షణ కణాల లెక్క సీడీ4 118. అప్పటి మందు స్టావుడిన్, లామివుడిన్, నెవిరపిన్. ప్రాణం నిలబడింది. సీడీ4 ఏడాదిలో మూడు వందలు దాటింది. కానీ రెండేళ్ళకి అరికాళ్ళు నిప్పుల మీద పెట్టినట్టు మంట మొదలైంది, బుగ్గలు లోపలికి పోయాయి. స్టావుడిన్ నరాలనీ, చర్మం కింద కొవ్వునీ దెబ్బతీస్తుంది. ఆ పీక్కుపోయిన ముఖమే ఊళ్ళలో జబ్బుకి గుర్తయిపోయింది. ముఖం చూసి జనం లెక్కగట్టేసేవాళ్ళు. బస్సులో పక్క సీటులోంచి లేచి వెళ్ళిపోయారని ఆమె అప్పట్లో మా కౌన్సెలర్‌తో చెప్పుకుని ఏడ్చిందని కార్డులో ఒక లైను ఉంది. ఆ మందు వాడకం తగ్గించుకుంటూ రావాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2009లోనే చెప్పింది.

2011లో స్టావుడిన్ తీసేసి జిడోవుడిన్ ఇచ్చాం. మూడు నెలలు తిరగకుండానే హిమోగ్లోబిన్ 10.4 నుంచి 6.1కి పడింది. రెండు బాటిళ్ళ రక్తం ఎక్కించాం. ఇది జిడోవుడిన్‌కి తెలిసిన దోషమే, ఎముక మజ్జలో రక్తం తయారీని అణుస్తుంది. దాన్నీ ఆపి ఆ ఏడాది చివర్లో టెనోఫోవిర్‌కి మార్చాం. తర్వాత నెవిరపిన్ స్థానంలో ఎఫావిరెంజ్ వచ్చింది, మూడూ కలిసి రోజుకి ఒకే బిళ్ళ. అందరూ సంతోషించారు. ఆమెకి మాత్రం రాత్రిళ్ళు కలలు. చనిపోయిన భర్త వచ్చి మంచం పక్కన కూర్చుంటున్నాడని, గాలి సోకిందని తాయెత్తు కట్టించుకుంది. అవి ఎఫావిరెంజ్ కలలని, కొన్ని వారాల్లో తగ్గుతాయని, నూనె వంటలు తిన్న వెంటనే బిళ్ళ వేసుకోవద్దని చెప్పడానికి మాకు ఆమె నోటి నుంచి ఆ మాట రావాలి కదా. అది వచ్చేసరికి ఏడు నెలలైంది. 2021లో ఎఫావిరెంజ్ పోయి డోలుటెగ్రావిర్ వచ్చింది. టీఎల్‌డీ అంటే టెనోఫోవిర్ 300, లామివుడిన్ 300, డోలుటెగ్రావిర్ 50 మిల్లీగ్రాములు. కలలు ఆగిపోయాయి.

ఇప్పుడు 16 నెలలు నొప్పి ఎందుకు దాచావమ్మా అని అడిగాను. కొంచెంసేపు మాట్లాడలేదు. తర్వాత అంది:

"చెప్పినప్పుడల్లా మందు మార్చారండి. మార్చినప్పుడల్లా కొత్త బాధొచ్చిందండి. ఈ బిళ్ళ పడిందండి నాకు. ఇది కూడా తీసేస్తే ఇంకేం మిగులుద్దండి?"

దుష్ఫలితాల గురించి మేము ట్రైనింగుల్లో మందులవారీగా పట్టికలు నేర్చుకుంటాం. పేషెంటు ఆ పట్టికని తన ఒంటి మీద నేర్చుకుంటుంది. ఆమె నేర్చుకున్నది ఒకటే, బాధ చెబితే మందు పోతుంది. "బాధలేమైనా ఉన్నాయా" అన్న మా ప్రశ్నకి "ఏం లేవండి" అని ఆమె ఇచ్చిన జవాబు అబద్ధమని నేను అనుకోను. ఆ ప్రశ్న ఆమెకి "ఈ మందు తీసెయ్యమంటావా" అన్నట్టు వినిపించింది.

రిపోర్టులు

వారంలో వచ్చిన రిపోర్టులు ఇవి. క్రియాటినిన్ 1.2. ఫాస్ఫరస్ 1.3 (మామూలుగా 2.5 నుంచి 4.5 ఉండాలి). కాల్షియం 8.9, సరిగ్గానే ఉంది. ఆల్కలైన్ ఫాస్ఫటేజ్ 412, మూడింతలకి పైగా ఎక్కువ. పొటాషియం 3.1, బైకార్బొనేట్ 16, క్లోరైడ్ 112. యూరిక్ యాసిడ్ 1.6. విటమిన్ డి 14.

ఎక్స్‌రేలో రెండు తొడ ఎముకల మెడల లోపలి అంచున సన్నటి నల్ల గీతలు, అడ్డంగా, రెండువైపులా ఒకేచోట. వీటిని లూజర్ జోన్లు అంటారు. విరిగీ విరగని ఎముక. ఎముక మెత్తబడిపోయిందని, ఆస్టియోమలేషియా అని చెప్పే గుర్తు అది. ఆ కాళ్ళతోనే ఆమె బస్సెక్కి వచ్చి, మెట్లెక్కి, క్యూలో నిలబడింది.

హెచ్‌ఐవీ ఉన్నవాళ్ళకి తుంటి నొప్పి అంటే ముందు గుర్తొచ్చేవి వేరే. తుంటి టీబీ, తొడ ఎముక తలకి రక్తం ఆగిపోవడం. ఎక్స్‌రేలో ఆ రెండూ కనిపించలేదు. ఇలా మూత్రంలో అన్నీ పోయే పరిస్థితి మైలోమా అనే రక్త క్యాన్సరులోనూ రావచ్చు కాబట్టి దాన్ని పట్టే ఎలక్ట్రోఫోరెసిస్ పరీక్ష కూడా చేయించాం, మామూలుగా ఉంది.

ఇక ఒక లెక్క. రక్తంలో ఫాస్ఫరస్ అంత పడిపోతే మూత్రపిండం పిసినారిలా ఒక్క చుక్క వదలకూడదు, వడగట్టినదాంట్లో 5 శాతం కూడా బయటికి పోకూడదు. ఆమె మూత్రం, రక్తం ఒకేసారి తీసి లెక్కవేస్తే 57 శాతం పోతోంది. ఎముకల్లోంచి కరిగి వచ్చిందంతా మూత్రంలో కొట్టుకుపోతోందన్నమాట. ఆమె ఏడాదిపాటు మింగిన కాల్షియం బిళ్ళలు దీన్నేమీ చేయలేవు, లోటు ఫాస్ఫరస్‌ది.

దీనికి పేరు ఫ్యాంకోని సిండ్రోమ్. కారణం టెనోఫోవిర్.

మూత్రపిండం చేసే పని రెండు భాగాలు. మొదట రక్తాన్ని వడగట్టడం, రోజుకి 180 లీటర్ల దాకా. తర్వాత ఆ వడగట్టిన నీళ్ళలోంచి ఒంటికి కావలసినవి తిరిగి ఏరుకోవడం. గ్లూకోజు, ఫాస్ఫేటు, బైకార్బొనేటు, అమైనో ఆమ్లాలు ఇలా వెనక్కి వస్తాయి. ఏరుకునే పని ఎక్కువగా జరిగేది ప్రాక్సిమల్ ట్యూబ్యూల్ అనే గొట్టంలో. టెనోఫోవిర్ ఒంట్లోంచి బయటికి పోయే దారి కూడా ఆ గొట్టం కణాల్లోంచే. కొందరిలో లోపలికి వచ్చినంత వేగంగా బయటికి పోదు, కణంలో పేరుకుంటుంది. అక్కడ కణానికి శక్తి తయారుచేసే మైటోకాండ్రియా దెబ్బతింటాయి. శక్తి లేని కణం ఏరుకోవడం మానేస్తుంది. గ్లూకోజు మూత్రంలోకి పోతుంది కానీ రక్తంలో షుగరు పెరగదు. మూత్రం స్ట్రిప్పూ గ్లూకోమీటరూ ఒకదానికొకటి పొంతన లేని జవాబు చెప్పింది అందుకే.

క్రియాటినిన్ కొలిచేది మొదటి పనిని, వడగట్టడాన్ని. ఏరుకునే పని పాడైనా క్రియాటినిన్ చాలాకాలం పెద్దగా కదలదు. మేము ఆరు నెలలకోసారి చూస్తున్నది క్రియాటినిన్ ఒక్కటే.

మా పొరపాటు

ఇక్కడ కొంచెం ఆగి చెప్పాలి. తర్వాతివాళ్ళకి ఎక్కువ ఉపయోగపడేది ఇదేనని నా నమ్మకం.

2019లో ఆమె క్రియాటినిన్ 0.7. టీఎల్‌డీకి మార్చాక 2021లో 0.9. తర్వాత 1.0. ఇప్పుడు 1.2. ల్యాబు షీటులో నార్మల్ 1.2 దాకా అని అచ్చువేసి ఉంటుంది కాబట్టి ఎర్ర సిరా ఎక్కడా పడలేదు. పైగా మాకు ఇంకో సమాధానం దొరికింది. డోలుటెగ్రావిర్ క్రియాటినిన్‌ని కొద్దిగా పెంచుతుంది. గొట్టంలోంచి క్రియాటినిన్ బయటికి పోయే ఒక ద్వారాన్ని అది అడ్డుకుంటుంది, అంతే, మూత్రపిండానికి నిజంగా ఏమీ కాదు. ఇది నిజం. ట్రైనింగులో గట్టిగా చెప్పారు కూడా, కంగారుపడి మందు ఆపొద్దని. ఆమె కార్డు అంచున "డీటీజీ ఎఫెక్ట్" (డీటీజీ అంటే డోలుటెగ్రావిర్) అని పెన్సిల్‌తో రాసింది నేనే.

కానీ ఆ పెరుగుదల మొదటి నెలలోనే వచ్చి, 0.1, 0.2 దగ్గర ఆగిపోవాలి. రెండేళ్ళు మెట్లెక్కినట్టు ఎక్కుతూ పోతే దానికి ఇంకో కారణం వెతకాలి. నేను వెతకలేదు. మంచి వివరణ ఒకటి చేతిలో ఉంటే మనిషి రెండోదాని కోసం చూడడు.

రెండో పొరపాటు బరువుది. 44 ఏళ్ళ, 41 కిలోల ఆడమనిషికి 1.2 క్రియాటినిన్ అంటే, మూత్రపిండం వడగట్టే వేగాన్ని అంచనావేసే కాక్‌క్రాఫ్ట్ ఫార్ములాలో వేసి చూడండి. 140లోంచి 44 తీసేస్తే 96. దాన్ని 41తో గుణించి, 72 ఇంటూ 1.2తో భాగించి, ఆడవాళ్ళకి 0.85తో గుణిస్తే వచ్చేది నిమిషానికి 39 మిల్లీలీటర్లు. 50కి తగ్గితే టెనోఫోవిర్ ఇవ్వకూడదు. నార్మల్ అని అచ్చైన ఆ అంకె వెనక ఈ 39 దాక్కుని ఉంది. ఒంట్లో కండ లేని మనిషికి క్రియాటినిన్ తయారే తక్కువ. మన కూలీల్లో, పేదవాళ్ళలో 45 కిలోలు దాటని ఆడవాళ్ళు ఎంతమంది ఉన్నారో ఏ ఓపీలో కూర్చున్నా తెలుస్తుంది. ల్యాబు షీటు మీద అచ్చు వేసిన హద్దు వాళ్ళ కోసం వేసింది కాదు.

ఆ డైక్లోఫెనాక్ సంగతి కూడా. నొప్పి మాత్రలు మూత్రపిండానికి రక్తం తగ్గిస్తాయి. టెనోఫోవిర్ మీదున్నవాళ్ళకి, అందులోనూ బక్కవాళ్ళకి, ఇది నిప్పుకి గాలి తోడైనట్టు. టెనోఫోవిర్ వల్ల ఎముక నొప్పి, ఆ నొప్పికి డైక్లోఫెనాక్, దానివల్ల మూత్రపిండం ఇంకా చెడి నొప్పి ఇంకా ఎక్కువ. వారానికో సూది చొప్పున ఏడాది. ఆర్‌ఎంపీని తిట్టి లాభం లేదు. మా దగ్గర చెప్పుకోలేని బాధని ఆమె అక్కడ చెప్పుకోగలిగింది.

మెట్‌ఫార్మిన్ వెంటనే ఆపించాను. డోలుటెగ్రావిర్ వాడేవాళ్ళలో మెట్‌ఫార్మిన్ రక్తంలో చాలా ఎక్కువగా నిలబడుతుంది, అందుకే నిజంగా షుగరున్నవాళ్ళకి కూడా రోజుకి 1000 మిల్లీగ్రాములు దాటొద్దంటాం. ఈమెకి జబ్బు లేదు, మూత్రపిండం సగం పనిచేస్తోంది, రక్తంలో ఆమ్లం ఇప్పటికే ఎక్కువ. ఇంకొన్నాళ్ళు వాడి ఉంటే రక్తంలో ఆమ్లం ప్రమాదకరంగా పేరుకుని, లాక్టిక్ అసిడోసిస్‌తో ఐసీయూలో చూడాల్సి వచ్చేదేమో.

మందు మార్చడం

టెనోఫోవిర్ ఆపాలి, అందులో చర్చ లేదు. ఆపేముందు చూడాల్సింది ఒకటుంది, హెపటైటిస్ బి. టెనోఫోవిర్ ఆ వైరస్‌ని కూడా అణిచి ఉంచుతుంది. హెపటైటిస్ బి ఉన్న మనిషికి దాన్ని చటుక్కున తీసేస్తే లివర్ జబ్బు ఒక్కసారి పైకి లేస్తుంది. ఆమెకి నెగటివ్.

దాని బదులు ఏమివ్వాలి? జిడోవుడిన్ తలుపు 2011లోనే మూసుకుపోయింది. కొత్తరకం టెనోఫోవిర్ అలాఫెనమైడ్ రక్తంలో 90 శాతం దాకా తక్కువ ఉంటుంది, మూత్రపిండానికి మేలే. కానీ పూర్తిస్థాయి ఫ్యాంకోని వచ్చిన మనిషికి వేరే దారి ఉండగా అదే కుటుంబం మందు ఇవ్వడానికి నాకు ధైర్యం చాలలేదు. మిగిలింది అబకావిర్. సీనియర్లతో మాట్లాడి అబకావిర్ 600, లామివుడిన్ 300 కలిపిన బిళ్ళ, పక్కన డోలుటెగ్రావిర్ 50 ఖాయం చేశాం. ఆ స్థాయి మూత్రపిండానికి లామివుడిన్ సగం చేసేవాళ్ళున్నారు. 30 పైన ఉంటే పూర్తి మోతాదు ఇవ్వొచ్చన్న అభిప్రాయం ఇప్పుడు బలంగా ఉంది, నేను దాన్నే పాటించాను.

అబకావిర్‌కి తన భయం తనకుంది. హెచ్‌ఎల్‌ఏ-బి 5701 అనే జన్యువు ఉన్న కొందరికి మొదటి ఆరు వారాల్లో జ్వరం, దద్దుర్లు, వాంతులు, ఆయాసం వస్తాయి. మందు వేసిన ప్రతిసారీ ముదురుతాయి. ఆపితే తగ్గుతుంది. తగ్గింది కదా అని మళ్ళీ వేసుకుంటే ప్రాణం పోవచ్చు. ఆ జన్యు పరీక్ష మా దగ్గర లేదు, బయట చేయించే స్తోమత ఆమెకి లేదు.

ఆమెని ఒప్పించడానికి నలభై నిమిషాలు పట్టింది. ఈసారి నేను మాట్లాడింది తక్కువ. కౌన్సెలర్ ఆమె పక్కనే బెంచీ మీద కూర్చుని పాత కార్డు మొదటి పేజీ తీసి చూపించింది, సీడీ4 118. "అప్పుడు మంట పుట్టించిన మందే నిన్ను బతికించిందమ్మా. జిడోవుడిన్ పడలేదు, తీసేశాం, రక్తం మళ్ళీ పట్టింది. మందు మార్చడమంటే నిన్ను వదిలెయ్యడం కాదు" అంది. ఆమె చివరికి అడిగింది, "ఇది పడకపోతే ఇంకోటి ఉందాండి?" ఉందని చెప్పాను. ఏముందో కూడా కాగితం మీద రాసి చూపించాను. అప్పుడు ఒప్పుకుంది. వైద్యుడు ముందే చెప్పాల్సిన మాట అది, పేషెంటు అడిగేదాకా ఆగకూడదు.

ఫాస్ఫేటు పొడి నీళ్ళలో కలిపి రోజుకి మూడుసార్లు, పొటాషియం సిట్రేట్ సిరప్పు, విటమిన్ డి 60 వేల యూనిట్లు వారానికొకటి చొప్పున ఎనిమిది వారాలు. ఫాస్ఫేటు, కాల్షియం ఒకేసారి మింగితే రెండూ కడుపులోనే కలిసిపోయి వృథా అవుతాయి, అందుకని కాల్షియం వేళ వేరుగా పెట్టాం. కాల్షియం, ఐరన్ బిళ్ళలు పరగడుపున డోలుటెగ్రావిర్‌తో కలిపి వేసుకుంటే డోలుటెగ్రావిర్ కూడా ఒంటికి పట్టదు. ఏడాదిగా ఆమె రెండూ కలిపే వేసుకుంటోంది. రాత్రి అన్నం తిన్నాక వేసుకునేది కాబట్టి గండం గడిచింది. అన్నంతో అయితే ఇబ్బంది లేదు. నొప్పి మాత్రల బదులు పారాసెటమాల్, చేతికర్ర, మూడు నెలలు బరువులెత్తకూడదు.

తొమ్మిదో రోజు రాత్రి కౌన్సెలర్ ఫోన్. "సార్, ఆమెకి జ్వరమట." నాకు టెన్షన్ ఎంత పట్టుకుందో చెప్పలేను. అబకావిర్ రియాక్షన్ వచ్చే రోజులు సరిగ్గా అవే. తర్వాతి బిళ్ళ వేసుకోకుండా పొద్దున్నే రమ్మన్నాం. వచ్చింది, 100.4 జ్వరం, ముక్కు కారుతోంది, గొంతు ఎర్రగా ఉంది. ఒంటి మీద ఎక్కడా దద్దురు లేదు, వాంతి లేదు, విరేచనం లేదు. ఇంట్లో మనవడికి, కూతురికి మూడు రోజులుగా జలుబట. పైగా అబకావిర్ బిళ్ళ వేసుకున్నాక జ్వరం పెరగడం లేదు, సాయంత్రాలు వచ్చి పోతోంది. వార్డులో చేర్చుకుని మా కళ్ళముందే బిళ్ళ వేయించి రాత్రంతా చూశాం. తెల్లారేసరికి జ్వరం దిగింది. ఏ కాస్త అనుమానం మిగిలినా ఆపేసేవాణ్ణి, ఆపితే జన్మలో మళ్ళీ అబకావిర్ ఇవ్వకూడదు. అనవసరంగా ఆపితే ఆమెకున్న కొద్ది దారుల్లో ఒకటి నా చేత్తో మూసినట్టవుతుంది.

తర్వాత

నాలుగు వారాలకి ఫాస్ఫరస్ 2.1. ఆరు వారాలకి స్ట్రిప్పు ముంచితే గ్లూకోజు గడి నీలంగానే ఉండిపోయింది, ఆమెని పిలిచి చూపించాం. నొప్పి రెండో నెలలో తగ్గడం మొదలై, నాలుగో నెలకి కర్ర వదిలేసింది. ఆరు నెలలకి ఎక్స్‌రేలో ఆ నల్ల గీతలు పూడుకున్నాయి. ఆల్కలైన్ ఫాస్ఫటేజ్ దిగడానికి మాత్రం చాలాకాలం పట్టింది. ఎముక కట్టుకుంటున్నంతకాలం అది ఎక్కువగానే ఉంటుంది, కంగారుపడక్కర్లేదు. క్రియాటినిన్ 0.9 దగ్గర ఆగింది, బరువు 43. లెక్కవేస్తే 54. పాత 0.7కి రాలేదు, వస్తుందని అనుకోవడం లేదు. ఇలా దెబ్బతిన్న మూత్రపిండం చాలామందిలో పూర్తిగా కోలుకోదు. వైరల్ లోడ్ మందు మార్చాక ఆరు నెలలకి చేశాం, వైరస్ దొరకలేదు.

ఇది చదివి టీఎల్‌డీ వాడుతున్నవాళ్ళు భయపడి బిళ్ళ మానొద్దు. ఇంత తీవ్రమైన దెబ్బ అరుదు. టెనోఫోవిర్ 2001 నుంచి వాడకంలో ఉన్న మందు, లక్షలమందిని నిలబెట్టింది. బిళ్ళ మానేస్తే వచ్చే ముప్పు దీనికంటే చాలా పెద్దది. నొప్పో, నీరసమో, నడకలో తేడానో ఉంటే మీ సెంటర్లో చెప్పండి. వాళ్ళు అడక్కపోయినా చెప్పండి. ఒక మందు తీసేస్తే దాని చోట ఇంకొకటి ఉంటుంది.

మా సెంటర్లో ఇప్పుడు క్రియాటినిన్ పక్కన బరువు, వయసు వేసి లెక్కగట్టిన అంకె రాస్తున్నాం, ల్యాబువాళ్ళ 'నార్మల్' కాపీ చేయడం మానేశాం. 45 కిలోల లోపు ఉన్నవాళ్ళకి, పదేళ్ళకి పైగా టెనోఫోవిర్ మీదున్నవాళ్ళకి ఆరు నెలలకోసారి మూత్రం స్ట్రిప్పు పెడుతున్నాం. అలా చూడగా ఇంకొకాయన మూత్రంలో కూడా షుగరు దొరికింది, కానీ ఆయన రక్తంలో 280 ఉంది. టీఎల్‌డీకి మారాక బరువు పెరిగి, నిజంగానే షుగరు వచ్చినవాడు. ఒకే రంగు గడికి రెండు అర్థాలు, రక్తం చూడకుండా ఏదీ చెప్పలేం.

ప్రశ్న కూడా మార్చాం. "బాధలేమైనా ఉన్నాయా" అని అడగడం లేదు. "గొంతుక్కూర్చుని చెయ్యి ఆనకుండా లేవగలవా?" అని అడుగుతున్నాం, అనుమానముంటే అక్కడే లేచి చూపించమంటున్నాం. దీనికి "ఏం లేవండి" అన్న జవాబు కుదరదు.

మొన్న నాట్ల సీజన్లో ఆమె వారం రోజులు పనికి వెళ్ళిందట. నేను వద్దన్నా వెళ్ళింది. ఆ తర్వాత నెలలో వచ్చినప్పుడు ఫాస్ఫరస్ 2.9, ఫాస్ఫేటు పొడి ఆపి అప్పటికి నాలుగు నెలలు. "ఎడమ తొడలో కొంచెం లాగుతోందండి, రాత్రిళ్ళు" అని తనంతట తనే చెప్పింది. ఎక్స్‌రే తీయించాను, కొత్త గీతలేమీ లేవు. మూడు నెలల మందు ఇవ్వకుండా నెలకే ఇచ్చి, వచ్చే నెల మళ్ళీ రక్తం, మూత్రం రెండూ చూద్దామని రాశాను.